పర్ణశాలలో రామాయణ చిత్రాలు: ప్రేక్షకుడి అలవోక మాటలో విమర్శ

వ్యాససంగ్రహం:
రామాయణ చలనచిత్రాలను, టెలివిజన్ ధారావాహికలను చూసే సామాన్య ప్రేక్షకుడు నటుల గురించి, ఘట్టాల గురించి అలవోకగా చెప్పే అభిప్రాయాలను తెలుగు విమర్శ చాలావరకు అభిమానంగానో అమాయకత్వంగానో భావించి పక్కన పెట్టింది. సీతాపహరణం జరిగిన చోటుగా ప్రసిద్ధి పొందిన పర్ణశాల పరిసరాల్లో ఈ మాటలకు మరో కొలమానం తోడవుతుంది. అక్కడి ప్రేక్షకుడు తెరను స్థలంతో పోల్చి చూస్తాడు. అభినవగుప్తుడు రసవిఘ్నంగా పేర్కొన్న దేశకాలావేశం ఇక్కడ విమర్శకు ఆధారమయ్యే తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పర్ణశాల, ప్రేక్షకుడు, సిద్ధి, రసవిఘ్నాలు, పౌరాణిక చిత్రాలు, స్థలపురాణం, శబరి.

1. ప్రవేశిక:

"రాముడంటే రామారావే." ఈ మాట వినని తెలుగువారు అరుదు. దీన్ని అభిమానం కింద జమకట్టి ముందుకు వెళ్లడం విమర్శకు అలవాటైంది. అయితే ఈ మూడు ముక్కల మాటలో ఒక పోలిక ఉంది, ఒక తీర్పు ఉంది, ఆ తీర్పుకు వెనుక చూసిన చిత్రాల జ్ఞాపకం ఉంది. రామపాత్ర ధరించిన ఇతర నటులను మనసులో పెట్టుకోకుండా ఎవరూ ఈ మాట అనలేరు. పోల్చి తీర్పు చెప్పడం విమర్శ అయితే ఇది విమర్శే. కారణం చెప్పకపోవడం ఒక్కటే లోటు. ఆ కారణాన్ని వెదికి చెప్పడం పరిశోధకుల పని.

మన తెలుగు శాఖల్లో సినిమా మీద జరిగే పరిశోధన ఎక్కువగా పాటల సాహిత్యం చుట్టూ తిరుగుతోంది. పాట అచ్చులో దొరుకుతుంది కనుక అది సులువు. ప్రేక్షకుడి మాట అచ్చులో ఉండదు. విజయచిత్ర, సితార వంటి పత్రికల పాఠకుల ఉత్తరాల్లో కొంత మిగిలింది, అదీ సంపాదకుల వడపోత తరువాత. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో ఉషశ్రీ నిర్వహించిన 'ధర్మసందేహాలు' శీర్షికను కూడా ఈ కోవలో చేర్చాలి. అక్కడ శ్రోత అడిగే సందేహం చాలాసార్లు కథ మీద విమర్శే. సీత అలా ఎందుకు అంది, రాముడు ఇలా ఎందుకు చేశాడు అని అడిగేవాడు పాత్రౌచిత్యాన్నే ప్రశ్నిస్తున్నాడు.

ఈ వ్యాసానికి ఆధారం లెక్కలు కట్టిన సర్వే కాదు. పర్ణశాల, దుమ్ముగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో యాత్రికుల మధ్య, బస్సుల్లో, టీకొట్ల దగ్గర వినిపించే తరహా మాటలను తీసుకున్నాను. ఏ మాటనూ ఏ వ్యక్తికీ ఆపాదించడం లేదు. మాట ఎవరిదన్నదాని కంటే అందులో ఏ ప్రమాణం దాగి ఉందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. భరతుడు విన్న చప్పుడు:

ప్రేక్షకుడి అలవోక మాటకు శాస్త్రంలో చోటు లేదనుకోవడం పొరపాటు. నాట్యశాస్త్రం ఇరవై ఏడవ అధ్యాయం మొత్తం ప్రదర్శన సిద్ధించిందా లేదా అన్న విచారణే. అందులో మానుషీ సిద్ధిని భరతుడు వాఙ్మయి, శారీరి అని విభజించాడు. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, 'సాధు' అనడం, 'అహో' అనడం, 'కష్టం' అనడం, పెద్దగా వెల్లువెత్తే ధ్వని మొదటి కోవలోకి వస్తాయి. పులకించడం, లేచి నిలబడటం, ఉత్తరీయమో ఉంగరమో విసరడం రెండో కోవ. పోణంగి శ్రీరామ అప్పారావు తెలుగు అనువాదంతో ఈ అధ్యాయం మనకు అందుబాటులోకి వచ్చి చాలా కాలమైంది. అయినా రససూత్రం ఉన్న ఆరవ అధ్యాయాన్ని తిరగేసినంతగా దీన్ని తిరగేయము.

గమనించవలసిన విషయం ఒకటుంది. 'అహో', 'కష్టం' అన్నవి వాదనలు కావు, ఒక్కో మాట. ఆ ఒక్క మాటనే భరతుడు ప్రదర్శన విజయానికి సాక్ష్యంగా స్వీకరించాడు. అందరూ ఒకే రకంగా స్పందించరనీ ఆయనకు తెలుసు. పడుచువారికి శృంగారం నచ్చుతుందని, శూరులకు యుద్ధాలు నచ్చుతాయని, వృద్ధులకు పురాణకథలు ఇష్టమని, పిల్లలూ స్త్రీలూ హాస్యాన్నీ వేషాలంకరణనూ ఇష్టపడతారని అన్నాడు. ఈ విభాగంలో చివరి అంశంతో నేను ఏకీభవించలేను. వేషం చూసి మురిసిపోయే ప్రేక్షకురాలి కంటే సీత మాట తప్పొప్పులను తూచే ప్రేక్షకురాలే పర్ణశాల దారిలో ఎక్కువగా కనిపిస్తుంది. దాని సంగతి ముందు చూద్దాం.

దైవీ సిద్ధి మరో రకం. చప్పుడు లేదు, కదలిక లేదు, రంగశాల నిండి ఉంది. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో మొదలైన రామానంద్ సాగర్ 'రామాయణ్' ఆదివారం ఉదయాల్లో ఇలాంటి నిశ్శబ్దాన్ని ఇళ్లలోకి తెచ్చింది. టీవీకి హారతి ఇచ్చిన ఇళ్లూ ఉన్నాయి. ఆ ధారావాహిక హిందీలో సాగింది. అభినవగుప్తుడి లెక్కలో భాష తెలియకపోవడం ప్రతీత్యుపాయవైకల్యం, అంటే గ్రహించే సాధనమే లోపించడం. తెలుగు గ్రామాల్లో హిందీ రాని ప్రేక్షకుడికి ఆ లోపం పెద్దగా అడ్డు రాలేదు. కథ ముందే తెలుసు కనుక మాట వదిలేసి ముఖం చూశాడు. ఆ తరంవారి అభిప్రాయాలు సంభాషణల గురించి కాక నటుల చూపు గురించి, నడక గురించి, అరుణ్ గోవిల్ చిరునవ్వు గురించి ఉండటానికి కారణం ఇదేనని నా ఊహ. 2020 మార్చి 28 నుంచి అదే ధారావాహిక మళ్లీ వచ్చినప్పుడు ఏప్రిల్ 16 నాటి ప్రసారాన్ని 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. ఆ సంఖ్య చూసినవారెందరో చెబుతుంది. చూసి ఏమన్నారో చెప్పదు.

3. నటుడి ముఖం:

కిరీటం, వేషం నటుడి సొంత రూపాన్ని కప్పివేసి అతను ఫలానా కాలంలో ఫలానా చోట ఉన్న మనిషి అన్న స్పృహను తొలగిస్తాయని అభినవగుప్తుడు అంటాడు. తెలుగు తెర మీద కిరీటం ఆ పని చేయలేదు. 'భూకైలాస్' (1958), 'సీతారామ కల్యాణం' (1961) చిత్రాల్లో రావణుడైన ఎన్.టి. రామారావే 'లవకుశ' (1963)లో రాముడయ్యాడు. 'శ్రీరామ పట్టాభిషేకం' (1978)లో రెండు పాత్రలూ ఆయనవే. శంకుకుడి చిత్రతురగన్యాయం ప్రకారం చిత్రంలోని గుర్రాన్ని చూసినప్పుడు కలిగే జ్ఞానం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, సందేహమూ కాదు. రామారావు విషయంలో ప్రేక్షకుడు బొమ్మగుర్రాన్ని గుర్రంగా చూస్తూనే, ఆ బొమ్మను గీసిన చేతిని కూడా మెచ్చుకున్నాడు. ఒకే మనిషి రాముడూ రావణుడూ కావడం అతనికి ఇబ్బంది కలిగించలేదు. అతని మెప్పు పాత్రకూ నటుడికీ విడివిడిగా అందుతుంది.

బాపు 'సంపూర్ణ రామాయణం' (1971)లో శోభన్‌బాబు రాముడు, చంద్రకళ సీత, ఎస్.వి. రంగారావు రావణుడు. ఈ చిత్రం గురించి ఇప్పటికీ వినిపించే ఒక అభిప్రాయం ఉంది: రంగారావు ముందు రాముడు చిన్నవాడిగా కనిపిస్తాడని. పైకి ఇది శోభన్‌బాబు మీద ఫిర్యాదు. లోపల ప్రతినాయకుడి స్థాయి గురించిన ప్రశ్న. శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, విద్యను వర్ణించి, అటువంటివాణ్ణి గెలిచాడని చెబితే నాయకుడు మరింత ఎత్తుకు వెళతాడని దండి కావ్యాదర్శంలో ఒప్పుకున్నాడు. ఆ దృష్టితో చూస్తే రంగారావు పెద్దగా కనిపించడం దర్శకుడు కోరుకున్నదే కావచ్చు. నాకు మాత్రం అక్కడ శోభన్‌బాబు సౌమ్యతే రామపాత్రకు సరిపోయినట్టు అనిపిస్తుంది. అడవిలో నారచీరలు కట్టిన రాముడు సింహాసనం మీది రాముడిలా ఉండనవసరం లేదు.

'ఆదిపురుష్' (2023) గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. హనుమంతుడి సంభాషణలు బజారు మాటల్లా ఉన్నాయని ప్రేక్షకులు అనడంతో విడుదలైన కొద్ది రోజుల్లోనే వాటిని మార్చారు. ఔచిత్యభంగాన్ని సామాన్య ప్రేక్షకుడు ఎంత త్వరగా పట్టుకుంటాడో అది చూపించింది.

4. "తాకాడా, లేదా?":

భద్రాచలానికి ఎగువన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. 2016 వరకు ఖమ్మం జిల్లాలో, అప్పటినుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగం. పక్కన సీతమ్మవాగు. వాగులోని రాళ్ల మీది రంగులను సీతమ్మ పసుపు కుంకుమలని, చారలను ఆమె ఆరవేసిన నారచీరల గుర్తులని చూపుతారు. నదికి అవతలి గుట్ట మీద రావణుడు రథం నిలిపాడంటారు. కుటీరం దగ్గర మాయలేడి, భిక్షువేషంలోని రావణుడు బొమ్మల రూపంలో ఉంటారు. దుమ్ముగూడెం పేరును ఖరదూషణుల సైన్యం కాలి మిగిలిన బూడిదతో ముడిపెడతారు. జటాయువు పడిన చోటు భద్రాచలం పక్కనున్న ఎటపాక. 2014 తరువాత ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది కనుక సీతాపహరణం ఒక రాష్ట్రంలోనూ జటాయువు పతనం మరొక రాష్ట్రంలోనూ జరిగినట్టయింది!

ఇక్కడి స్థలపురాణంలో ఒక అంశం విమర్శకు కీలకం. రావణుడు సీతను తాకలేదు, ఆమె నిలుచున్న నేలను పెళ్లగించి నేలతో పాటు ఎత్తుకుపోయాడు. వాల్మీకిలో ఇలా లేదు. అరణ్యకాండ నలభై తొమ్మిదో సర్గలో రావణుడు ఎడమచేత ఆమె జుట్టును, కుడిచేత తొడలను పట్టి ఎత్తుకుంటాడు. నేలను గోళ్లతో చీల్చి ఎత్తడం అధ్యాత్మరామాయణంలో ఉంది. కంబడు కుటీరంతో సహా నేలను ఎత్తించాడు. అంటే పర్ణశాల చెప్పే కథ ఆదికావ్యానిది కాదు, భక్తి సంప్రదాయానిది.

ఈ నేపథ్యంలో ఇక్కడి ప్రేక్షకుడు ఏ చిత్రంలోనైనా, ఏ ధారావాహికలోనైనా ఈ ఘట్టం రాగానే చూసేది ఒక్కటే: తాకాడా, లేదా. తాకితే "అలా కాదు" అంటాడు. దర్శకుడు వాల్మీకిని అనుసరించాడని చెప్పినా అతనికి సమాధానం కాదు, ఎందుకంటే అతని ప్రమాణం గ్రంథం కాదు, కాళ్ల కింది నేల. మన పాఠపరిశోధనలో పాఠాంతరం అనే భావన ఉంది. ఇక్కడ స్థలమే ఒక పాఠాంతరం. ఒక చిత్రం ఏ పాఠాన్ని ఎంచుకుందో ప్రేక్షకుడు ఒక్క చూపులో తేల్చేస్తాడు. పరిశోధకుడు అదే పని చేయడానికి నాలుగు గ్రంథాలు ముందు పెట్టుకుంటాడు.

లక్ష్మణరేఖ విషయంలో ఇదే తిరగబడుతుంది. వాల్మీకిలో రేఖ లేదు. తెలుగులో రంగనాథ రామాయణం లక్ష్మణుడి చేత ఏడు గీతలు గీయించింది. సాగర్ ధారావాహిక తన ఆధారాల జాబితాలో రంగనాథ రామాయణాన్ని కూడా ప్రకటించుకుంది. అయితే అందులో మెరిసిన రేఖ ఒక్కటే. నేడు ఏడు గీతల సంగతి తెలుగు విద్యార్థికే గుర్తు చేయవలసి వస్తోంది. తెర స్థలపురాణాన్ని ఎంతవరకు తిరగరాయగలదో ఇది సూచిస్తుంది. రావణుడి స్పర్శ విషయంలో గెలిచిన స్థలం, రేఖ విషయంలో తెరకు లోబడింది. తాకకుండా ఎత్తుకుపోయాడనడానికి చూపే నేల ఇక్కడ ఉంది, ఏడు గీతలకు అలాంటి గుర్తు లేదు. ప్రేక్షకుడి జ్ఞాపకం కంటికి కనిపించే గుర్తును పట్టుకుని నిలుస్తుందని భావించవచ్చు.

ఈ ఘట్టంలోనే స్త్రీల మాటలు వేరుగా వినిపిస్తాయి. లక్ష్మణుణ్ణి అంతలేసి మాటలు అనకూడదని కొందరు, భర్త ప్రాణం పోతోందనుకున్న మనిషి నోటికి అదుపు ఉంటుందా అని కొందరు. తెరమీద సీత కఠినోక్తులను సాధారణంగా మెత్తబరుస్తారు. వాల్మీకి మెత్తబరచలేదు. ప్రేక్షకురాలు మెత్తబడిన సంభాషణ విని కూడా అసలు తీవ్రతను ఊహించి తీర్పు చెబుతోంది. స్త్రీల రామాయణపు పాటల్లో ఇంటి లోపలి నుంచి వినిపించే న్యాయవిచారణను వెల్చేరు నారాయణరావు విశ్లేషించారు. ఆ విచారణ పాటలతో ఆగిపోలేదనీ టీవీ ముందు కూర్చుని వచనంలో కొనసాగుతోందనీ నా అభిప్రాయం. ఓల్గా 'విముక్త' సీతను శూర్పణఖతో మాట్లాడించడానికి ముందూ తరువాతా ఆ ఇద్దరి గురించి స్త్రీలు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

5. దేశకాలావేశం విఘ్నమేనా?

రసాస్వాదానికి అభినవగుప్తుడు చెప్పిన ఏడు విఘ్నాల్లో మొదటిది సంభావనావిరహం, జరగదగినదన్న నమ్మకం కలగకపోవడం. రెండోది దేశకాలవిశేషావేశం. ఇది నాది, అది పరాయివాడిది, ఇది ఈ చోట జరిగింది అన్న పట్టింపు ఉన్నంతవరకు సాధారణీకరణం జరగదు, రసం పుట్టదు. ఈ సిద్ధాంతం ప్రకారం "ఇది మా ఊళ్లో జరిగింది" అంటూ చూసే పర్ణశాల ప్రేక్షకుడు సహృదయుడు కాలేడు.

ఈ నిర్ణయాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం కష్టం. పర్ణశాల ప్రేక్షకుడిలో స్థలస్పృహ నమ్మకాన్ని పెంచుతోంది. అంటే రెండో విఘ్నం మొదటి విఘ్నానికి మందుగా పనిచేస్తోంది. ప్రసిద్ధ పురుషుల కథలను ఎంచుకుంటే సంభావన కలుగుతుందని అభినవగుప్తుడే అన్నాడు. ప్రసిద్ధి అంటే గ్రంథప్రసిద్ధి ఒక్కటే కానక్కరలేదు, స్థలప్రసిద్ధి కూడా కావచ్చు. సిద్ధాంతాన్ని తోసిపుచ్చమని కాదు, దాని లోపలే ఉన్న ఈ వీలును వాడుకోవచ్చని నా ప్రతిపాదన. రసం కలగడం ఒక ప్రశ్న, చూసినదాన్ని ప్రశ్నించడం మరొకటి. రసానికి స్థలస్పృహ అడ్డు అనుకున్నా, ప్రశ్నించడానికి అదే ఊతం.

ఉదాహరణకు అడవి. చిత్రాల్లో దండకారణ్యం ఎప్పుడూ వసంతంలోనే ఉంటుంది. పూలతీగలు, హంసలు, అద్దంలాంటి కొలను. భద్రాచలం అడవుల్లో టేకు, మద్ది, తునికి, ఇప్ప, వెదురు. శ్రీరామనవమి నాటికి చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి, ఇప్పపూలు నేలమీద పడి ఉంటాయి, ఆ వెంటనే తునికాకు సేకరణ మొదలవుతుంది. వానాకాలంలో గోదావరి పొంగితే సీతమ్మవాగు, నారచీరల ప్రదేశం మునుగుతాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. తెరమీది పర్ణకుటీరం పక్కన నది పొంగగా చూసిన గుర్తు నాకు లేదు. "మా అడవి ఇలా ఉండదు" అన్న మాట అందుకే చిన్నది కాదు. ఆ అడవిలో ఆకు కోసే చేతులు లేవని, పూలు ఏరే బుట్టలు లేవని, మొత్తానికి మనుషులు లేరని అది చెబుతోంది.

ఇక్కడ 'మా' అన్నది ఎవరి మాట అన్న ప్రశ్నను తప్పించుకోలేము. ఈ ప్రాంతం కోయలది. భద్రగిరి మీద రాముడి విగ్రహాలను మొదట కనుగొన్నది పోకల దమ్మక్క అన్న కోయ స్త్రీ అని క్షేత్రకథే చెబుతోంది. చిత్రాల్లో దండకారణ్యవాసులు మునులైనా అయ్యుండాలి, రాక్షసులైనా అయ్యుండాలి. మూడో రకం మనుషులకు మిగిలినవి గుహుడు, శబరి పాత్రలు. ఇద్దరూ భక్తులే. అడవిలో ఉంటూ రాముడికి భక్తుడూ కాక శత్రువూ కాక, తన పని తాను చేసుకునే మనిషి తెర మీద లేడు. బస్సులో నా పక్క సీట్లో కూర్చునే సాధారణ మనిషి అతనే. తనలాంటివాడు లేని చిత్రాన్ని చూసి అతను ఏమంటాడన్నది మనం ఇంతవరకు అడగలేదు. యాత్రికుడి 'మా' పర్ణశాల పుణ్యక్షేత్రం, కోయ ప్రేక్షకుడి 'మా' పర్ణశాల ఊరు, పోడు, వాగు. ఒకే చిత్రాన్ని ఈ రెండు 'మా'లూ ఒకేలా తూచవు. పరిశోధకుడు రెండింటినీ కలిపి 'స్థానిక ప్రేక్షకుడు' అని రాస్తే, ముఖ్యమైన తేడా అక్కడే చెరిగిపోతుంది.

స్థలాభిమానానికి పరిమితులూ ఉన్నాయి. నాసిక్ పంచవటి ఇదే ఘట్టాన్ని తనదంటుంది. జటాయువు విషయంలో లేపాక్షి కూడా పోటీకి వస్తుంది. స్థలం హక్కు పత్రంగా మారి, తన పాఠం తప్ప మిగిలినవన్నీ అబద్ధమనడం మొదలుపెడితే అక్కడ విమర్శ ఆగిపోతుంది. అయితే అలవోక మాటలో ఈ ప్రమాదం తక్కువ. "అలా కాదు" అన్నవాడే మరుక్షణం రంగారావు నవ్వును మెచ్చుకుంటాడు. పట్టింపు వాదనగా గట్టిపడకముందు మాట ఎంత సడలుగా ఉంటుందో దాన్ని సేకరించేవారు గమనించాలి.

6. శబరి:

'సంపూర్ణ రామాయణం'లో శబరికి దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన పాట తెలుగువారికి అత్యంత ప్రియమైన చిత్రగీతాల్లో ఒకటి. వాల్మీకి శబరి మతంగ మహర్షి శిష్యులకు పరిచర్య చేసిన సిద్ధతాపసి. పండు కొరికి రుచి చూసి ఇచ్చే శబరి భక్తి సాహిత్యం నుంచి వచ్చింది. తెర ఆ రెండో శబరినే ఎంచుకుంది, కృష్ణశాస్త్రి ఆమె నిరీక్షణను పాట చేశారు. పాట విని కన్నీరు పెట్టుకునే ప్రేక్షకుడికి శబరి ఒక వృద్ధురాలు.

భద్రాచలం దిగువన ఉండేవారికి శబరి ముందుగా ఒక నది. ఒడిశాలో కొలాబ్ పేరుతో పుట్టి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. వృద్ధురాలి ఎదురుచూపు పాట వింటూ నదిని తలుచుకునే ప్రేక్షకుడు అభినవగుప్తుడి లెక్కలో దారి తప్పినవాడే కావచ్చు. కానీ ఎదురుచూసేది ఎవరు, ఎదురు వచ్చేది ఎవరు అన్న ప్రశ్నకు అతని దగ్గర మరో సమాధానం ఉండే వీలుంది. కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాలు పోలవరం ముంపు ప్రాంతంలో ఉన్నందునే 2014లో ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. అక్కడి ఊళ్లు ఖాళీ అయ్యి, జనం పునరావాస కాలనీలకు చేరాక కూడా టీవీలో ఆ పాట వస్తూనే ఉంటుంది. తెరను పోల్చి చూడటానికి కాళ్ల కింద నేల లేని ప్రేక్షకుడు అప్పుడు ఆ పాట గురించి ఏమంటాడో, ఇప్పుడు ఏమంటున్నాడో రెండూ నమోదు కావాలి. రెండోదానికి మాత్రమే గడువు ఉంది.